రెండు రిజిస్టర్లు ఒకే బల్ల మీద

పొద్దున్నే చాయ్ తాగుతూ ఫోన్‌లో సైన్సు వార్తలు చూడడం నాకున్న జబ్బు అంటుంది మా ఇంటావిడ. రిటైరయ్యాక పని లేక పట్టుకున్నదని ఆమె అభిప్రాయం గానీ, నిజానికి అది నాకు పదేళ్లప్పుడే అంటుకుంది. ఏ దేశంలో ఎవరు కొత్త బ్యాటరీ చేసినా, ఏ గ్రహం మీద నీటి జాడ కనిపించినా ముందుగా నాకు తెలియాలి, తెలిసిన మరుక్షణం మా రిటైరైన వాళ్ల గ్రూపులో వేసి, కింద నా వ్యాఖ్య ఒకటి తగిలించాలి. ఎవరూ చదవరు, శుభోదయం పువ్వుల కింద అది కొట్టుకుపోతుంది, అయినా మానను. మొన్నొక పొద్దున అలాంటి వార్తే కంటబడింది. పాత ఆఫీసుల్లో చేతిరాతతో ఉన్న రిజిస్టర్లకు ఫోటోలు తీసి ఇస్తే చాలట, కంప్యూటరే వాటిని చదువుకొని, ఒక కాగితానికీ ఇంకో కాగితానికీ పొంతన లేని చోటల్లా ఇదిగో అని చూపిస్తుందట. మామూలుగా అయితే 'శభాష్' అని రాసి పంపేవాణ్ణి. ఆ రోజు మాత్రం చాయ్ చల్లారిపోయే దాకా ఆ వార్త ముందే కూర్చుండిపోయాను. మా మేనమామ గుర్తొచ్చాడు.

అసలు ఈ జబ్బు నాకు అంటించింది ఆయనే. మాది సుల్తానాబాద్ దగ్గర చిన్న పల్లె, వరి తప్ప వేరే లోకం లేని ఊరు. మా అమ్మకు తమ్ముడైన ఈ మామ మందమర్రిలో బొగ్గుబాయిలో పనిచేస్తూ, సెలవు దొరికినప్పుడల్లా చంకలో ట్రాన్సిస్టర్ పెట్టుకొని ఊరికి వచ్చేవాడు. మనుషులు చంద్రుడి మీద కాలు పెట్టారన్న వార్త నేను విన్నది దాంట్లోనే. మామ దాన్ని అమ్మమ్మ వాకిట్లో గోడ మీద నిలబెట్టి, గరగరమన్నప్పుడల్లా చెవి మెలిపెట్టినట్టు మీట తిప్పుతూ, చుట్టూ చేరిన పదిమందికీ వినిపించాడు. మా అమ్మమ్మకు మాత్రం నమ్మకం కుదరలేదు. "పోతె పోయిండ్రు గని, ఆడ బువ్వెవలు వండి పెట్టిండ్రట?" అని అడిగింది. అందరూ నవ్వారు, మామ నవ్వలేదు. అది మంచి ప్రశ్నేననీ, రేపటి వార్తల్లో చెబుతారేమో విందామనీ అన్నాడు. ఎవరి ప్రశ్ననూ చిన్నబుచ్చని ఆ గుణం నాకు అబ్బలేదు, వార్తల పిచ్చి మాత్రం అబ్బింది.

మామ బాయిలో చేరిన తీరు కాస్త చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది మీకు అర్థం కాదు. మా పక్క ఊరి మనిషి ఒకతనికి ఆ రోజుల్లో బాయిలో పని దొరికింది. తోడుగా మా మామ కూడా వెళ్లాడు. ఆ మనిషి మొదటి రోజు దిగి, పైకొచ్చి, అందరికీ ఒక దండం పెట్టి, మట్టి మీద పుట్టినవాణ్ణి మట్టి కింద బతకలేనని చెప్పి ఊరికి పారిపోయాడు. మర్నాడు అతని పేరుతో మా మామ వరుసలో నిలబడ్డాడు. తట్టా, చెమ్మస్ అనే పారా పట్టుకొని చీకట్లో బొగ్గు నింపడానికి మనిషి దొరకడమే గొప్పగా ఉన్న కాలం, కాబట్టి మొహం వంక ఎవరూ చూడలేదు. అప్పటి నుంచి ఆయనకు ఇంట్లో ఒక పేరు, బాయిలో ఒక పేరు. దీన్ని మోసమని కాలనీలో ఎవరూ అనుకోలేదు, ఎందుకంటే క్వార్టర్ల ప్రతి వరుసలోనూ ఇట్లా మారుపేరు మీద పనిచేసేవాళ్లు ఇద్దరో ముగ్గురో ఉండేవారు. తలుపు దగ్గర బాయి పేరుతో పిలుపు వినిపిస్తే డ్యూటీ పని అనీ, సొంత పేరు వినిపిస్తే ఊరి చుట్టాలనీ మా అత్త లోపలి నుంచే లెక్క కట్టి, చుట్టాలైతే చాయ్‌కి నీళ్లు పెట్టేది. ఆ రెండు పేర్లూ నేనిక్కడ రాయను. మామా, ఆ పారిపోయిన మనిషీ ఇద్దరూ పోయారు, ఇంకా వాళ్ల పేర్లు కాగితాలకెక్కించడం ఎందుకు.

తొమ్మిదో తరగతికి నేను మందమర్రి వెళ్లి మామ క్వార్టర్‌లోనే ఉండి చదువుకున్నాను. రెండు గదుల ఇల్లు, అందులో మామ, అత్త, పుస్తకాలతో నేను. ఆయన ఒక్కగానొక్క కొడుకు, నాకంటే ఏడేళ్లు చిన్నవాడు, అప్పటికి ఊళ్లో అమ్మమ్మ దగ్గరే ఉండి బడికి పోయేవాడు. మొదటి షిఫ్టు ముగించుకొని వచ్చేసరికి మామకు కళ్లూ పళ్లూ తప్ప తక్కినదంతా నలుపే. నీళ్లు కాగేలోపల మెట్టు మీద కూర్చొని, "అల్లుడా, ఇయ్యాల పేపర్ల కొత్త ముచ్చటేంది?" అని అడిగేవాడు. మంగలి దుకాణంలో చదివొచ్చిన వార్తలకు సొంత కవిత్వం కొంత కలిపి చెప్పేవాణ్ణి. ఒకరి గుండె తీసి ఇంకొకరికి పెట్టడం, ముళ్లు లేని గడియారం, అరచేతిలో పట్టే లెక్కల మిషను, ఇలా ఎన్నో. దుబాయి నుంచి వచ్చిన ఒకాయన చేతికి ఎర్ర అంకెల వాచీ ఉందని తెలిసి ఇద్దరం పనిగట్టుకొని వెళ్లి, మీట నొక్కించుకొని చూసి వచ్చాం. స్కైలాబ్ విరిగి మన నెత్తినే పడుతుందని పుకారు లేచి, ఎట్లాగూ పోతాం కదా అని పల్లెల్లో జనం కోళ్లనూ మేకలనూ కోసుకు తిన్న ఏడు, మామ నిమ్మళంగా డ్యూటీకి బయలుదేరాడు. "నాకేం ఫికర్ లేదు, నేను బాయిల ఉంట. పైన మీరే పైలం" అన్నాడు. ఆ మాటకు నవ్వాలో ఏడవాలో అత్తకు తెలియలేదు.

డిగ్రీ అయ్యాక శ్రీరాంపూర్ వైపు ఒక బాయి ఆఫీసులో గుమాస్తాగా చేరాను. కొన్నాళ్లకు మామకు కూడా ఆ బాయికే బదిలీ అయింది. ఆఫీసులో పెద్ద గుమాస్తా గారు ఉర్దూ మీడియంలో చదువుకున్న పాతకాలం మనిషి, ముక్కుపొడి అలవాటు, చొక్కా మీద మాత్రం ఒక్క మరక ఉండేది కాదు. ఆయన చేతి కింద రెండు రిజిస్టర్లు ఉండేవి. ఒకటి సర్వీసు రిజిస్టరు, అందులో కార్మికుడి పేరు, తండ్రి పేరు, చేరిన వివరాలు. రెండోది కుటుంబాలది, ఆస్పత్రికీ బడికీ పనికొచ్చేది, అందులో భార్యాపిల్లల పేర్లు, పిల్లల సర్టిఫికెట్లలో ఉన్నది ఉన్నట్టుగా ఎక్కించిన వివరాలు. మొదటిది ఇనుప బీరువాలో, రెండోది పక్క గదిలో చెక్కపెట్టెలో. రెండింటితోనూ పని పడితే ఆయన ఒకటి చూసి, మూసి, బీరువాలో పెట్టి తాళం వేసి, అప్పుడు లేచి రెండోదాని దగ్గరికి వెళ్లేవారు. చేరిన కొత్తలో నేను రెండూ ఒకేసారి తెచ్చి బల్ల మీద పరిచాను. ఆయన గబగబా వచ్చి ఒకటి మూసేశారు. "బేటా, గీ రెండు కితాబులను ఒక్క మేజ మీద పెట్టకు. రెండింటికి పడది" అన్నారు. ఎందుకని అడిగితే ముక్కుపొడి పీల్చి కిటికీ వైపు తిరిగారు.

చాదస్తమనుకున్నాను. ఇంటికొచ్చి మామతో చెప్పి నవ్వాను కూడా. మామ నవ్వకుండా, పెద్దమనిషి చెప్పినట్టు చెయ్యమన్నాడు. అప్పుడైనా నా బుర్రకు తట్టాల్సింది. కానీ మామకు రెండు పేర్లన్నది నాకు పుట్టిన దగ్గర నుంచీ తెలిసిన సంగతి, అది నాకెప్పుడూ ఒక సంగతిగా అనిపించనే లేదు. ఆ పెద్దాయన కళ్ల ముందే ఏళ్ల తరబడి పదుల కొద్దీ కాపురాలు ఆ బీరువాకూ ఆ పెట్టెకూ మధ్యనున్న గోడ చాటున బతుకుతున్నాయని, ఆఫీసులో నోటితో అనకూడని మాట కాబట్టే ఆయన అనలేదని, నాకు తెలిసేసరికి చేతులు కాలిపోయాయి.

ఎనభైల చివర్లో మా ఆఫీసుకు కంప్యూటర్ వచ్చింది. ఇరవై ఏళ్లుగా పేపర్లో చదివి, చుట్టుపక్కల వాళ్లకు ఊదరగొట్టిన వస్తువు నా ముందుకొచ్చి కూర్చుంటే నా సంబరం ఎట్లా ఉండి ఉంటుందో ఊహించుకోండి. దానికొక ఏసీ గది, చెప్పులు బయట విడవాలి, అరగంటకోసారి తుడవాలి. బొగ్గు దుమ్ము పడకుండా మా అత్త పాత చీరతో గలీబు కుట్టి ఇచ్చింది. శిక్షణకు నన్నే పంపారు, ఎందుకంటే మిగతావాళ్లు దాన్ని ముట్టుకోవడానికే జంకారు. ఒకనాడు మామ స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కొని దాన్ని చూడడానికి వచ్చాడు. ఆయన బాయి పేరు టైపు చేసి చూపించాను. నల్లటి తెర మీద పచ్చటి అక్షరాలు. చదవడం పెద్దగా రాని మామ ఆ ఒక్క పేరును మాత్రం గుర్తుపట్టి, తెర అద్దాన్ని వేలితో తాకబోయి, మళ్లీ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. అంతా బాగుందని, ఇంత మంచి దాని దగ్గర కూర్చునే అదృష్టం నాకు పట్టిందని, బయటికెళ్లి కనిపించిన వాళ్లందరికీ చెప్పాడట.

అప్పటికే మామ ఆరోగ్యం దెబ్బతింది. నాలుగు మెట్లు ఎక్కితే ఆయాసం, దగ్గితే నల్లటి తెమడ. డాక్టర్ల చేత అన్‌ఫిట్ అని రాయించుకుంటే ఆయన ఉద్యోగం కొడుకుకు వస్తుంది, అదే ఆ ఇంటి ఆశ అంతా. మామ కొడుకు, నా బామ్మర్ది, పదో తరగతి రెండుసార్లు తప్పి, ఇంక చదువు రాదని తేలిపోయి, ఆ పిలుపు కోసం ఎదురుచూస్తున్నాడు. వైద్య పరీక్షకు వచ్చే నెలలో రమ్మన్నారు. "వాడు దిగిననాడు నేను పండుకుంట" అనేవాడు మామ.

నేనేమో రెండు రిజిస్టర్లనూ కంప్యూటర్‌లోకి ఎక్కిస్తున్నాను. ఎక్కించమన్నది పైవాళ్లే. ఒక్కొక్క పేరూ టైపు చేసి, సరిచూసి, నెలల తరబడి చేసిన పని అది. అంతవరకే చేసి ఊరుకుంటే ఏమీ జరిగేది కాదు. పై ఆఫీసు నుంచి ఒక అధికారి కంప్యూటర్ పనితీరు చూడడానికి వస్తున్నాడని తెలిసింది. పేర్లను అక్షర క్రమంలో వేసి చూపిస్తే గొప్పేముంది, అది టైపిస్టు కూడా చేస్తాడు. మనిషి చేయలేనిది ఏదో చేయించి చూపించాలని నాకు పట్టుదల పుట్టింది. రెండు రిజిస్టర్లను ఒకదాని పక్కన ఒకటి పెట్టి, కార్మికుడి పేరుకూ, పిల్లల సర్టిఫికెట్లలోని తండ్రి పేరుకూ తేడా ఉన్న చోట్లు వెతకమని దానికి నేర్పాను. గుమాస్తాల రాత తప్పులు బయటపడతాయన్నదే అప్పటి నా ఆలోచన. ఒట్టు పెట్టమంటే పెడతాను, అంతకు మించి నా మనసులో ఏమీ లేదు.

అధికారి వచ్చి కూర్చున్నాడు. నేను మీట నొక్కాను. ప్రింటర్ కీచుమంటూ కాగితం కక్కడం మొదలుపెట్టింది, పేరు మీద పేరు. అందరూ వింతగా చూస్తున్నారు, నేను పెళ్లికొడుకులా నిలబడ్డాను. అధికారి ఆ కాగితాన్ని చిల్లుల గీత దగ్గర చింపి, మడతపెట్టి, బ్యాగులో పెట్టుకొని, నా భుజం తట్టి వెళ్లిపోయాడు. జీపు గేటు దాటాక పెద్ద గుమాస్తా గారు కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ అన్నారు, "మూడో పేరు నీ మామది, బేటా. చూస్కున్నవా?"

చూసుకోలేదు. అక్షరాలు సరిగ్గా పడుతున్నాయా, కాగితం వంకర పోతుందా అన్నదే చూశాను.  మామ కొడుకును ఊళ్లో బళ్లో వేసింది మా అమ్మమ్మ. పంతులు పిల్లవాడి తండ్రి పేరేమిటని అడిగితే తాను పెట్టిన పేరే చెప్పింది, కన్నతల్లి ఇంకో పేరు ఎందుకు చెబుతుంది. ఆ పేరే సర్టిఫికెట్‌లోకి, అక్కణ్ణించి కుటుంబ రిజిస్టరులోకి వచ్చింది. రాసింది పెద్ద గుమాస్తా గారే. చెక్కపెట్టెలో అది క్షేమంగానే ఉండింది.

నెల తిరక్కుండానే ఆ కాగితంలో పేరున్న వాళ్లందరికీ నోటీసులు వచ్చాయి. మామ వైద్య పరీక్ష ఆగిపోయింది, దాని బదులు విచారణకు రమ్మన్నారు. జవాబులు రాసుకునే పని నాకు అప్పగించారు. ఆయన నాకు మామ కదా, నేనెట్లా రాస్తానని లోలోపల నలిగాను గానీ, కాగితం మీద ఆ కార్మికుడు నాకేమీ కాడు. ఆ సంగతి విప్పి చెబితే మామ గుట్టు నేనే బయటపెట్టినట్టవుతుంది. కలం పట్టుకొని కూర్చున్నాను.

విచారణ చేసిన ఆయన చెడ్డవాడేమీ కాదు. నెమ్మదిగానే విడమరిచి చెప్పాడు. రిజిస్టరులో ఉన్న పేరే నీ పేరని అంటే నీ ఉద్యోగం నీదే, కానీ ఈ సర్టిఫికెట్‌లో ఉన్న పిల్లవాడు నీ కొడుకు కాడు, వాడికి నీ వారసత్వం రాదు. కాదు, ఇతను నా కొడుకే అంటే, నువ్వు ఆ కార్మికుడివి కాదు. రెండింటిలో ఏదో చెప్పు.  ఉద్యోగం నిలబెట్టుకుంటే ఊపిరి ఉన్నన్నాళ్లు గడుస్తుంది, ఆ మాట మేము ఇంట్లో ముందు రోజంతా చెప్పి చెప్పి పంపించాం. మామ మాత్రం, "సారూ, గా పేరు మీద పాతికేండ్లు బాయి దిగిన. గా పేరుకు నేనేం తక్కువ జెయ్యలే. గని కన్న కొడుకును నా కొడుకు కాదని ఎట్ల జెప్పాలె?" అన్నాడు. తన అసలు పేరు చెప్పాడు. నేను రాశాను.

కింద సంతకం పెట్టమన్నారు. మామ కలం తీసుకొని, కాగితం మీద ఆనించి, ఆగిపోయాడు. ఆయన రాత్రి బడిలో సంతకం నేర్చుకున్నది బాయి పేరుతోనే, సొంత పేరు రాయడం ఆయనకు రాదు. నా వైపు తిరిగి, అందరి ముందు, "జర రాసి చూపియ్యి" అన్నాడు, అల్లుడా అని అనకుండా జాగ్రత్తపడి. చిత్తు కాగితం మీద ఆయన పేరు పెద్ద అక్షరాలతో రాసి ముందు పెట్టాను. దాన్ని చూసి చూసి, గీత గీతా దిద్ది, పాతికేళ్ల ఉద్యోగాన్ని వదులుకుంటూ తన పేరు తాను మొదటిసారి రాసుకున్నాడు. నా జీవితంలో ఎన్నో కాగితాలు చూశాను. ఆ వంకర అక్షరాలు ఇప్పటికీ కళ్లు మూసుకుంటే కనబడతాయి.

ఉద్యోగం పోయింది, కొడుకుకు రాలేదు, క్వార్టర్ ఖాళీ చేసి ఊరికి వెళ్లిపోయారు. బామ్మర్ది భీవండి వెళ్లి మరమగ్గాల మీద పనికి కుదిరాడు. ఆ జాబితాలోని మిగతావాళ్లలో కొందరిదీ అదే దారి. పెద్ద గుమాస్తా గారు ఆ ఏడే రిటైరై వెళ్లిపోతూ నా చేతిలో బీరువా తాళాలు పెట్టారు. నన్నేమో మెచ్చుకొని ఇంకో పెద్ద శిక్షణకు పంపారు. వెళ్లనని అనే ధైర్యం లేకపోయింది.

మామ ఊళ్లో నాలుగేళ్లు బతికాడు. కోపం చేసుకుంటాడేమో, తిడతాడేమో అని భయపడుతూ వెళ్లేవాణ్ణి, తిడితే బాగుండునని కూడా ఉండేది. ఆయన మాత్రం మంచం మీద వెనక్కి ఆనుకొని, పలకరించడానికి వచ్చిన వాళ్లకు నన్ను చూపిస్తూ ఆ కంప్యూటర్ గొప్పతనమే చెప్పేవాడు. ఇన్నేళ్లలో ఒక్క ఆఫీసరు పట్టుకోలేనిది అది ఒక్క నిమిషంలో పట్టిందని, మనిషికి అంత అకల్ ఎక్కడిదని అనేవాడు. ఇంట్లో అందరూ అదే అనుకున్నారు, మిషను పట్టేసింది, పిల్లవాడేం చేస్తాడు అని నా మీద జాలి కూడా పడ్డారు. ఒక మధ్యాహ్నం మేమిద్దరమే ఉన్నప్పుడు, దగ్గు ఆగాక, మామ వెనకటిలాగే కుతూహలంగా అడిగాడు, "అల్లుడా, గది ఎవలు జెప్పకుండనే, దానంతటదే పట్టిందా?" ఏ కొత్త వస్తువు సంగతైనా నన్నే అడిగే మనిషి, నేనేం చెప్పినా నమ్మే మనిషి. "అవును మామా, దానంతటదే పట్టింది" అన్నాను. ఆయన ఆశ్చర్యంగా తలూపి, అటు తిరిగి పడుకున్నాడు.

ఇప్పుడు ఒకరి పేరు మీద ఇంకొకరు ఒక్క పూట కూడా పనిచేయలేరు. వేలు పెట్టాలి, కళ్లు చూపించాలి, మొహం చూపించాలి. అన్నీ పద్ధతిగా ఉన్నాయి, కాదనను, అటువంటి పద్ధతి కోసం నా సర్వీసు సగం నేనే ధారపోశాను. కానీ అంతా తెలిసి, ఒక తలుపు మూశాకే ఇంకొకటి తెరిచే మనిషికి ఆఫీసుల్లో కుర్చీ లేకుండా పోయింది. ఇప్పుడు ఎవరికి పెన్షన్ ఆగినా, రేషన్ ఆగినా, కంప్యూటర్ ఒప్పుకోవడం లేదంటారు, జనం కూడా సరేనని తల వంచుకొని వెళ్లిపోతారు. ఆ మాట మొదట కనిపెట్టిన వాళ్లలో నేనూ ఒకణ్ణి. ఆ యంత్రానికి మా మామ మీద ఏ అనుమానమూ లేదు. నేను అడిగాను, అది చెప్పింది. మామ నోరు తెరిచి అడిగిన నాడు ఈ ఒక్క ముక్క ఆయనకు చెప్పలేకపోయాను. భీవండిలో ముసలివాడైన బామ్మర్ది ఫోన్ చేసినప్పుడల్లా చెబుదామనుకుంటాను, బావా బాగున్నావా అనగానే మాట మింగేస్తాను. వాళ్లకు చెప్పాల్సింది, ముక్కూ మొహమూ తెలియని మీకు చెబుతున్నాను.